ఎర్త్ గుంతలో గరుడ పక్షి

నెట్టికంటప్ప కోడికూర తినడు. మొక్కు కాదు, నిష్ఠ కాదు. రోత.

ఇరవై రెండేళ్లుగా కప్పగల్లు చుట్టుపక్కల కరెంటు తీగల మీద చచ్చిన ప్రతి పిట్టనూ దించింది ఆయనే. కాకులు, గోరింకలు, గుడ్లగూబలు. గబ్బిలం అయితే మరీ ఘోరం. చచ్చినా తీగను వదలదు, తలకిందులుగా వేలాడుతూ నాలుగు దినాలకు కారడం మొదలు పెడుతుంది, కింద నిలబడి కర్రతో తోసేవాడి భుజం మీదే పడుతుంది. కాలిన ఈక వాసన సబ్బుకు పోదు, షాంపూకు పోదు. మెతుకు నోట్లో పెట్టుకునే వేళకు ముక్కులోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ఆయన ఇంట్లో కోడి కాల్చరు. పెండ్లాం సిద్దక్కకు కోడికూర ప్రాణం. చెల్లెలింటికి పోయి తిని, మూతి కడుక్కుని వస్తుంది.

కసాపురం నెట్టికంటి ఆంజనేయునికి మొక్కుకుంటే పుట్టినాడని ఆ పేరు. ఊళ్లో అదే పేరు వాళ్లు ఇంకా ఇద్దరున్నారు గనక, గుర్తుకు ఈయనను కాకుల నెట్టికంటప్ప అంటారు. నాయన, కోస్తా నుంచి వచ్చి దిగిన రైతుల క్యాంపు పొలాల్లో నాట్లకూ కోతలకూ పోయినవాడు. ఈయన ఎనిమిదో తరగతి తప్పి, యశ్వంతనగర్ గనుల లైనుకు స్తంభాల గుంతలు తవ్వే కాంట్రాక్టరు వెంట తిరిగి, పద్నాలుగేండ్లు దినకూలి చేసి, అప్పటికి గానీ పర్మనెంట్ లైన్‌మన్ కాలేదు. యూనిఫాం వచ్చింది గానీ పేరు మారలేదు. పెండ్లిళ్లలో సిద్దక్క పక్కన కూర్చున్న ఆడోళ్లు నవ్వుతూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆమె కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది.

కప్పగల్లు దాటి కాలువ పక్క రోడ్డు పట్టుకుంటే, కోస్తావాళ్ల క్యాంపు మొదలయ్యే చోట రెండు స్తంభాల మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కరెంటోళ్లు దాన్ని డీపీ అంటారు. పక్కనే సగం భూమిలో కూరుకుపోయిన వీరగల్లు, ఎప్పుడో పోరులో చచ్చినవాని గుర్తుకు నిలిపిన రాయి. దాని మీద కత్తి పట్టుకున్న మనిషి, పైన సూర్యుడూ చంద్రుడూ. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక ఇనుప పట్టీ స్తంభం వెంబడి దిగి, గుంతలో పాతిన పైపుకు కలుస్తుంది. అది ఎర్త్ గుంత. అందులో ఉప్పూ బొగ్గూ నింపి ఉంటారు. దారి తప్పిన కరెంటు ఆ పట్టీ వెంబడి భూమిలోకి దిగిపోవాలి. భూమి తడిగా ఉంటేనే దిగుతుంది. అందుకని ఎండాకాలం రోజూ పొద్దున నెట్టికంటప్ప కాలువలో బిందె ముంచి ఆ గుంతలో పోస్తాడు. ఇట్లా పోసే లైన్‌మన్ ఆ తాలూకాలో ఇంకొకడు లేడు. చేసే పని చేసినాడని మెచ్చుకునే వాడూ లేడు.

పోయిన ఏడాది నుంచి ఆ చోటికి పీడ పట్టింది. బళ్ళారి నుంచి ప్రతి బుధవారం సాయంత్రం ఆరింటికి ఏడెనిమిది బైకులు వస్తాయి. ఫోన్‌లో ఏదో ఆట. వింత మృగాలను వెతికి పట్టి దాచుకునే ఆట. పాత రాళ్లూ గుళ్లూ ఉన్న చోట్ల అవి కనబడతాయట. వీరగల్లు పుణ్యమా అని ఈ డీపీ కూడా ఆ లెక్కలో చేరింది. గుంపుకు పెద్ద తిరుమలేశ్, బళ్ళారిలో ఫోన్ కవర్లు అమ్మే వాడు.

"ఏంరా, స్తంభాన్ని పట్టుకున్న స్టే తీగకు బండి ఆనించినావే. మీ మామ పాతిన గూటమా అది?" అన్నాడు మొదటి దినం నెట్టికంటప్ప.

"అప్పా, సుమ్నే గమ్మునుండు. నీ డీపీ మీద పిట్ట కూచోనుండాది."

నెట్టికంటప్ప తల పైకెత్తి చూశాడు. ఏమీ లేదు.

"ఆడ గాదప్పా. ఈడ చూడు." ఫోన్ మొహం మీదికి తెచ్చాడు తిరుమలేశ్.

ఫోన్‌లో అదే డీపీ, అదే ఆకాశం. ట్రాన్స్‌ఫార్మర్ మీద మాత్రం మనిషంత పక్షి. పసుపు రంగు, ఈకలన్నీ సూదులు, ముక్కు గునపం. రెక్క విదిలిస్తే మెరుపులు రాలుతున్నాయి. పిలగాండ్లు దాన్ని పిడుగుపిట్ట అంటారు. ఆ ఆటలో దాన్ని మించింది లేదట. నెలకొకసారి కూడా కనబడదట, వస్తే అరగంట ఉంటుందట, ఒక్కడు పట్టలేడు, అయిదారుగురు నిలబడి ఒకేసారి కొట్టాలట.

"ఏం తింటాది?"

"కరెంటే. పిడుగు పడితే ఇంకా బలం దానికి."

"ఒక కాలు ఒక ఫేజు మీద, ఒక కాలు ఇంకో ఫేజు మీద పెట్టింది. ఈ పాటికి నేను చీపురు తెచ్చుకోవల్ల."

"ఇది చావదప్పా. లెజెండరీ."

"కరెంటు తిని బతికేది ఈ తాలూకాలో నేనొగన్నే. నాకే జీర్ణం కాలే."

గుంపు నవ్వింది. ఆయన నవ్వలేదు. పిట్ట అనేది ఎట్లా చస్తుందో తెలిసినవాడికి ఆ పసుపు బొమ్మ ఎంత అసహ్యంగా కనబడుతుందో ఆ నవ్వేవాళ్లకు ఏం తెలుసు. దానికి వాసన లేదు. అదే ఆయనకు ఒళ్లు మండించింది.

ఏప్రిల్‌లో ఒక బుధవారం. పిలగాండ్లు అయిదుగురు ఫోన్లు పైకెత్తి పిడుగుపిట్టను కొడుతున్నారు. అదే వేళకు వరిమడిలోంచి పీతను పట్టుకుని ఒక గరుడ పక్షి లేచింది. తెల్ల తల, ఇటుకరంగు రెక్కలు. డీపీ మీద వాలబోయి రెక్కలు చాపింది. ఢామ్మన్న శబ్దం. ఫోన్‌లో పిట్ట పడిపోయిన క్షణానికే పైనుంచి పిట్ట పడింది, తిరుమలేశ్ చెప్పుల ముందర, పొగలు కక్కుతూ. పీత మాత్రం బతికే ఉంది. పక్కకు పాకిపోయింది.

క్యాంపు పెద్ద పెదబాబు బైకు మీద అటే వస్తున్నాడు. నలభై ఎకరాల వరి ఆయనది. బండి దిగి, చెప్పులు విడిచాడు. "గరుత్మంతుడయ్యా" అన్నాడు. కలుపు పని చేసి ఇంటికి పోతున్న ఆడోళ్లు ఆగారు. వాళ్లలో సిద్దక్క కూడా ఉంది.

నెట్టికంటప్పకు ఫోన్ పోయింది. ఆయన వచ్చి, పద్ధతి ప్రకారం సబ్‌స్టేషన్ ఆపరేటర్ కొట్రేశ్‌కు ఫోన్ చేసి లైన్‌క్లియర్ తీసుకున్నాడు. లైన్‌క్లియర్ అంటే మాట. తీసుకున్న మనిషి తన నోటితో "వాపసు ఇస్తాండా" అనేదాకా ఆ లైనుకు కరెంటు వేయకూడదు. ఇంజనీరు చెప్పినా వేయకూడదు. పైన ఉండేది ఆ మనిషి ప్రాణం గనక.

ఆయన పైకెక్కి కాలిపోయిన ఫ్యూజు మారుస్తున్నాడు. కింద గరుడునికి సమాధి పనులు నడుస్తున్నాయి. ఏప్రిల్ ఎండకు ఆ నల్లరేగడి ఇనుము లాగా బిగుసుకుంది, గునపం దిగడం లేదు. ఒక్క చోట మాత్రం దిగింది. ఎర్త్ గుంతలో.

"ఆ గుంత ముట్టొద్దండప్పా" అని పైనుంచి కేక వేశాడు. కింద వాళ్లు చెయ్యెత్తి, సరే సరే అన్నట్టు ఊపి, ఇంకా లోతుగా తవ్వారు. అడ్డం వచ్చిన ఇనుప పట్టీని గునపంతో పొడిచి, తెంపి, పక్కకు వంచారు.

ఆయన దిగేసరికి పక్షి మట్టిలో ఉంది, తెగిన పట్టీ కొస కూడా మట్టి కిందే. పసుపు, కుంకుమ, చెంబెడు పాలు. పెదబాబు గుప్పిట్లో ఏదో పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు. తెల్లగా ఉంది.

"ఉప్పు. చూశారా. అడుగున బొగ్గు, పైన ఉప్పు, తడి మట్టి. చుట్టూ నేల రాయిలా ఉంటే ఇక్కడ వెన్నలా ఉంది. ఆయన పడకముందే ఆయనకి సమాధి సిద్ధమైపోయిందండీ."

అక్కడ శవానికి ఉప్పు వేసి పూడ్చడం అందరికీ తెలిసిన ఆచారం. ఆడోళ్ల ఒళ్లు జలదరించింది.

"ఆ ఉప్పు నేనేసిందే బాబుగారూ. ఉగాదికి ముందర, రెండు మూటలు. ఎర్త్ కోసం."

"నీ చేత వేయించింది ఎవరయ్యా?"

నెట్టికంటప్ప వంగి గుంతలోకి చూడబోతే పెదబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజూ పొద్దున్నే బిందెడు నీళ్లు పోస్తావు. మేం చూడటం లేదా? ఇరవై ఏళ్లుగా ఎవరికి పోస్తున్నట్టు?"

వారం తిరిగేసరికి ఆ చోటు గుడి అయింది. స్తంభానికి పసుపు బట్ట, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు మామిడాకులు. తిరుమలేశ్ తీసిన వీడియో బళ్ళారి అంతా తిరిగింది. ఎవడో ఫ్లెక్సు కట్టాడు, అందులో గరుడ వాహనం పక్కన ఆ సూదుల పిడుగుపిట్ట. రెండింటికీ ఒకటే కిరీటం. చూసి నెట్టికంటప్ప ఉమ్మేశాడు, కాలువ గట్టు అవతలికి, ఎవరూ చూడకుండా. లైన్‌మన్‌ను పట్టుకుని పూజారప్ప అన్నారు. నిన్నటిదాకా ముక్కు మూసుకున్నవాళ్లు ఇప్పుడు కాళ్లకు దండం పెట్టబోతే, కాలిన ఈక వాసన కంటే ఎక్కువ రోత పుట్టింది ఆయనకు.

సిద్దక్కకు మాత్రం పుట్టలేదు. నీళ్లు పోసేది పూజారి ఇంటి ఆడది కాబట్టి మొదటి బిందె ఆమెది. తలస్నానం చేసి, ఒట్టి కాళ్లతో, రాగి బిందె చంకన పెట్టుకుని వస్తే ఆడోళ్లు పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోవడం లేదు. ఆ నడకను ఆయన పెండ్లయిన ఇరవై ఏండ్లలో చూడలేదు.

బిందె పోయడం మొదలైన నాలుగో దినం మధ్యాహ్నం ఇంట్లో చెప్పింది. "ఏమయా, సామి ఉండాడు. బిందె పోసి ఆ ఇనుప పట్టీ మీద చెయ్యి పెడితే జుమ్ జుమ్ అంటాది. ఈ పొద్దు అందరికీ పెట్టించినా. భీమక్క ఏడ్చేసింది."

ఆయన ముద్ద కంచంలో వదిలి లేచాడు. చెయ్యి కడుక్కోకుండానే డీపీ దగ్గరికి పోయాడు. వేళ్ల వెనకవైపుతో పట్టీని తాకాడు. అరచేత్తో తాకితే కరెంటు పట్టుకుంటుంది, వదలదు. జుమ్మంది. గుంతలో తెగిపోయిన పట్టీకి భూమితో పొత్తు లేదు. దిగిపోవలసిన కరెంటు దిగే దారి లేక అక్కడే నిలబడి ఉంది. ఇప్పుడు నాలుగు మోటార్లే తిరుగుతున్నాయి, అందుకు జుమ్మంటోంది. క్యాంపు మోటార్లన్నీ తిరిగి, లోడు ఒక పక్కకు ఒరిగిన దినం గుంజి పట్టేస్తుంది. తడి నేల, ఒట్టి కాళ్లు, రాగి బిందె. చంపడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఆయన చూశాడు గనక తెలుసు. హగరి దగ్గర ఇట్లాంటి గుంత పక్కన కట్టేసిన బర్రె నిలబడే చచ్చింది. దాన్ని విప్పబోయిన హంపయ్య, ఈయనతో పాటు గుంతలు తవ్విన హంపయ్య, తాడు పట్టుకునే చచ్చాడు. పండ్ల మధ్య నాలుక నల్లగా. ఆ నల్ల నాలుక తలుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

"రేపట్నుంచి నువ్వు పోవద్దు. అది సామి గాదు. లీకేజీ."

"నీకు అన్నీ లీకేజీలే."

"పట్టీ తెగింది సిద్దీ. గుంత తవ్వి కలపాల. అప్పటిదాకా ఆడ ఎవరూ నిలబడగూడదు."

"సామిని తవ్వుతావా?" ఆమె గొంతు పెంచలేదు. "ఇరవై ఏండ్లు కాకులోని పెండ్లాన్ని. నాలుగు దినాలు మనిషినైనా. ఓర్వలేవా?"

తెల్లారి లేచి, బిందె తీసుకుని, ఒట్టి కాళ్లతోనే పోయింది. ఆయన వెనకే పోయి, వేపకొమ్మలు కోసి పట్టీ చుట్టూ కట్టాడు, ఎవరూ తాకకుండా. జనం ఆ కొమ్మలకు కూడా కుంకుమ పెట్టి, పక్కకు తోసి తాకారు. సెక్షన్ ఆఫీసుకు పోయి సారుకు చెప్పాడు. సారు ఫైలులోంచి తల ఎత్తకుండానే, దేవుని జోలి మనకొద్దు, నువ్వే సర్దుకో అన్నాడు. "నెట్టికంటప్పా, ఇదు దేవర విషయ. నమగె బేడ. నువ్వే అడ్జస్ట్ మాడు."

అడ్జస్ట్ చేయడానికి టైము లేకుండా పోయింది. వచ్చే శుక్రవారం గుంత మీద కాంక్రీటు కట్ట పోస్తామని పెదబాబు చెప్పాడు. సిమెంటు మూటలు అప్పటికే దిగాయి. కట్ట పడితే పట్టీ ఇక కలవదు. కట్ట చుట్టూ ఆడోళ్లు నిలబడి నీళ్లు పోస్తారు, ముందు వరుసలో సిద్దక్క.

గురువారం పొద్దున పదింటికి, డీపీ దగ్గర పాతికమంది వరసగా ఉన్నప్పుడు, నెట్టికంటప్ప కొట్రేశ్‌కు ఫోన్ చేశాడు.

"లైన్‌క్లియర్ కావల్ల."

"ఎంత సేపప్పా?"

"పనయ్యేదాక."

స్విచ్ దించి, తాళం వేసి, వీరగల్లు మీద కూర్చున్నాడు. గునపం పక్కన పెట్టుకున్నాడు. వరసలో ముందున్న ఆమె పట్టీ మీద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి పెట్టింది. వెనక్కి తిరిగి "ఏం లేదే" అంది. తరవాతి ఆమెకూ లేదు. "సామి లేడు." సిద్దక్క వాళ్లను పక్కకు నెట్టి తానే పెట్టింది. అరచెయ్యి ఒత్తి పెట్టి నిలబడింది చాలాసేపు. తరవాత తల తిప్పి వీరగల్లు మీది మొగుని వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. ఆయనకు ఆ చూపు అర్థమైంది.

పన్నెండు దాటేసరికి సామి సంగతి మరిచిపోయి మోటార్ల సంగతి మొదలైంది. పొలాలకు మూడు ఫేజుల కరెంటు సాయంత్రం నాలుగింటిదాకే, ఆ తరవాత వచ్చేది ఇళ్ల దీపాలకే. కాలువ చివరి మడులకు నీళ్లు మోటార్లతోనే. వరి పాలు పోసుకుంటోంది, ఇప్పుడు ఆరితే గింజ తాలు.

"ఏవయ్యా, ఎప్పుడిస్తావు కరెంటు?" పెదబాబు వచ్చాడు.

"గుంత తవ్వి పట్టీ కలిపినంక."

"పట్టీ తరవాత చూద్దువు గాని."

"రేపు మీరు సిమెంటేస్తాండారు గదా."

"మీ ఇంజనీరుకి చెప్తాను." చెప్పాడు. ఫోన్‌లో అవతల ఏం అన్నారో గాని పెదబాబు మొహం ముడుచుకుంది. లైన్‌క్లియర్ తీసుకున్నవాడు వాపసు ఇవ్వాలి. ఇంకెవరి వల్లా కాదు. "దేవుడితో పెట్టుకుంటున్నావు నెట్టికంటప్పా."

"సామి ఉంటే కరెంటు లేకున్నా జుమ్మనల్ల గదా బాబుగారూ. చెయ్యి పెట్టి చూడండి."

పెదబాబు చెయ్యి పెట్టలేదు.

ఒంటిగంట, రెండు. రైతులు పెదబాబును పక్కకు పిలిచి మాట్లాడారు. రెండుంబావుకు ఆయన కాలువలో కాళ్లు కడుక్కుని వచ్చాడు. "అసలు గరుడ పక్షిని పారే నీటి పక్కన పెట్టాలి. ఇక్కడ పెట్టడమే దోషం. తవ్వేయవయ్యా, తొందరగా" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా అవును, దోషమే అన్నారు. మామిడాకులు తెంపి పారేశారు. నాలుగుంబావు గంటలు. నలభై ఎకరాలకు దేవుడు అంత చవకగా పోయాడు. తాను గెలిచినాడని నెట్టికంటప్పకు అనిపించలేదు. గబ్బిలం భుజం మీద పడినట్టు అనిపించింది.

ఒక్క మనిషి కదల్లేదు. సిద్దక్క గుంత మీద కూర్చుంది.

"లెయ్ సిద్దీ."

లేవలేదు. ఆయన బతిమాలలేదు. ఆమె కాళ్లకు తగలకుండా అంచు నుంచి తవ్వడం మొదలు పెట్టాడు. జానెడు దిగేసరికి వాసన లేచింది. జనం ముక్కులు మూసుకుని రోడ్డు అవతలికి పోయారు. అప్పుడు లేచింది సిద్దక్క, ఆయన చెప్పినందుకు కాదు.

పాలూ నీళ్లూ రోజూ పడి పక్షి ఒకవైపు కుళ్లింది. ఇంకోవైపు ఉప్పుకు ఎండి చర్మం బిగిసి, ఎర్ర రెక్క అట్లాగే ఉంది, నిన్న చచ్చినట్టు. తెల్ల తల మీద పురుగులు. ఎన్ని వందల పిట్టలను దించాడో లెక్క లేని నెట్టికంటప్ప పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

మూతి తుడుచుకుని తిరిగేసరికి సిద్దక్క పక్షిని రెండు చేతులతో ఎత్తి, కలుపు తెచ్చే గంపలో పెట్టుకుంటోంది. గంప చంకన పెట్టుకుని కాలువ గట్టు మీదికి నడిచింది. వెనక ఎవరూ పోలేదు. ఏడ్చిన భీమక్క పోలేదు. శాస్త్రం చెప్పిన పెదబాబు పోలేదు. కొడవలితో తానొక్కతే మట్టి గీకి పూడ్చింది.

ఆయన పట్టీని కొత్త బోల్టుతో పైపుకు బిగించాడు. బొగ్గు, ఉప్పు, మట్టి. కాలువ నీళ్లు నాలుగు బిందెలు. మూడుంబావుకు ఫోన్ చేశాడు. "కొట్రేశా, వాపసు ఇస్తాండా." మోటార్లు ఒక్కసారిగా మోగాయి. పట్టీ మీద వేళ్ల వెనకవైపు పెట్టి చూశాడు. చల్లని ఇనుము.

బుధవారం మళ్లీ బైకులు వచ్చాయి. ఫోన్‌లో పిడుగుపిట్ట మళ్లీ డీపీ మీద కూర్చుంది, మెరుపులు రాల్చుకుంటూ. దాన్ని తవ్వి పారేయడానికి గుంత లేదు. "అప్పా, నువ్వు సామిని తీసేస్తివి, వీడియో ఎవరూ చూస్తాలేరు" అన్నాడు తిరుమలేశ్. నెట్టికంటప్ప ఈసారి అందరూ చూస్తుండగానే ఉమ్మేశాడు. ఊళ్లో పేరు మళ్లీ కాకుల నెట్టికంటప్పే. ఒక మాట చేరింది, సామిని తవ్విన కాకుల నెట్టికంటప్ప.

ఆదివారం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పొగ. సిద్దక్క నాటుకోడిని తెచ్చి, ఈకలు సగం పీకి, మిగతా వాటిని మంట మీద తిప్పి తిప్పి కాలుస్తోంది. ఆ ఇంట్లో మొదటిసారి. గుంత తవ్విన గురువారం నుంచి ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈక చిటపటమంది. వాసన గుమ్మం దాటి, దుప్పట్లలోకి, ఉట్టి మీది మజ్జిగలోకి పోయింది.

బయటికి పోవచ్చు. ఆయన పోలేదు. గడప మీద కూర్చుని, ముక్కు మూసుకోకుండా, పండ్లు బిగించి చూస్తూ ఉండిపోయాడు. ఆమె కోడిని కడగడానికి చెంబుతో నీళ్లు వంపింది. వాకిలంతా తడి. ఆ తడిలో ఆమె ఒట్టి కాళ్లు, అటూ ఇటూ తిరుగుతూ.